వట్టి నీళ్ళ వరస

సొరోటిలో ఏడింటికి చీకటి పడుతుంది.
మా గదిలో పగలంతా చీకటే.
కిటికీకి ఈ నల్లగుడ్డ కొట్టింది నేనే,
పదిహేడేళ్ళ కిందట.
మేకులు తుప్పు పట్టాయి. గుడ్డ ఇంకా నలుపే.

అరచేతుల్లో జెల్లు
చల్లారిన గంజి మీది తెట్టులా వణుకుతోంది.
చేతికి రెండేసి తొడుగులు, ముఖానికి కవచం.
ఈ వెలుతురు చూసేవాణ్ణి కూడా కాలుస్తుంది.
అసెకెన్యె అంచు పట్టి గాజు మీదికి జార్చింది.
"మూలన బుడగ, ఎచోదూ."
వేలితో తరిమాను.
తలుపు మూసి మీట నొక్కాను.

నారింజ రంగులో లేచాయి గీతలు.
ఎన్ని వేలసార్లు చూశానో,
ఆ మొదటి క్షణం ఇప్పటికీ ఊపిరి బిగబడుతుంది.
ఎడమ చివర నిచ్చెన, మెట్టు మెట్టూ దిగింది.
తర్వాత పద్నాలుగు వరసలు:
అముగె నారుతోటలో పద్నాలుగు మడుల కర్రపెండలం.
కుడి చివర వట్టి నీళ్ళు.
అక్కడ ఏమీ ఉండకూడదు.
ఏమీ లేకపోవడమే దాని ఉద్యోగం.

ఈ తెగులు సంగతి మీకు తెలియదేమో.
ఆకు పచ్చగానే ఉంటుంది, కాండం నిటారుగానే ఉంటుంది.
గడ్డ తవ్వి కోసిన రోజున
లోపల బెండు, గోధుమరంగు కుళ్ళు.
అప్పటికే ఆ కర్రముక్కలు
ఇరుగూ పొరుగూ నాటేసుకుని ఉంటారు.
అందుకే అముగె రెండు బస్సులు మారి
తడిగుడ్డలో ఆకులు చుట్టుకొచ్చింది.
వసారాలో బల్ల మీద, చెప్పులు విప్పి, కూర్చుంది.

మూడు వెలిగింది. తొమ్మిది వెలిగింది.
మిగతా పన్నెండూ చీకటి.
హమ్మయ్య అనుకుంటూ కుడికి చూశాను.

నీళ్ళలో ఏదో ఉంది.
గీత అనలేం.
గీత లేచి వెళ్ళిపోయాక మిగిలిన చోటు లాంటిది.

బయట ప్రాజెక్టు జీపు ఇంజను ఆపలేదు.
కిగ్గుండు తల లోపల పెట్టి అన్నాడు:
"ఎక్స్‌పోజరు తగ్గించు. అర సెకను చాలు."
అర సెకను పెట్టాను.
నిచ్చెన, మూడు, తొమ్మిది. నీళ్ళు నిగనిగలాడే నలుపు.
ఎంత అందమైన ఫొటో!
నాలుగు సెకన్లు పెట్టాను.
నిచ్చెన మంటలా అలుక్కుపోయింది,
నీళ్ళలో ఆ మసక ఒళ్ళు విరుచుకుంది.
జెల్లు ఒక్కటే.
కెమెరా రెండుసార్లూ నిజమే చెప్పింది.
ఏది అతికిస్తావని నోటుపుస్తకం అడుగుతోంది.

థర్మల్ కాగితాలు వెచ్చగా బయటికొచ్చాయి.
రెండూ అతికించాను, పక్కపక్కన.
పెన్సిలుతో తేదీ, వోల్టులు, నలభై నిమిషాలు,
మధ్యలో ఆరు నిమిషాలు కరెంటు పోయిన మాట.
కింద: నీళ్ళు శుభ్రంగా లేవు. మళ్ళీ చెయ్యాలి.
ఈ కాగితం పాలిపోతుంది, పెన్సిలు మిగులుతుంది.
నా పాత పుస్తకాల్లో ఖాళీ తెల్లపలకల కింద
నా చేతిరాత
ఎవరికో ఇంకా సాక్ష్యం చెబుతూనే ఉంది.

కిగ్గుండు గడియారం చూశాడు, ఆకాశం చూశాడు.
నాట్లకి వారం కూడా లేదు.
అతని తొందరలో తప్పులేదు.
కష్టం అదే.

అముగె ఫొటోని తలకిందులుగా పట్టుకుంది.
సరిచెయ్యబోతే చెయ్యి అడ్డుపెట్టింది.
"ఇవి ఎటు పరుగెత్తాయి?"
గుంటల్లోంచి ఇటు, కరెంటు లాగితే.
చిన్నవి దూరం పోతాయి,
పెద్దవి మొదట్లోనే ఆగిపోతాయి.
కాసేపు మాట్లాడలేదు.
"పశువుల దొంగలు పడ్డ రాత్రి మేమూ అంతే.
పిల్లలం వాగు దాకా పోయాం.
అమ్మమ్మ గడప దాటలేదు."
చివరి వరస మీద వేలు పెట్టింది.
"ఇది ఎవరి మడి?"
ఎవరిదీ కాదు, వట్టి నీళ్ళు.
"మరి ఇందులో ఉన్నదెవరు?"

ఆ రాత్రి ఆమె అసెకెన్యె ఇంట్లో పడుకుంది.
అతాప్ వండుకున్నారట, పిండిలో సగం కర్రపెండలమేనట,
పొద్దున్న ఇద్దరూ నవ్వుతూ చెప్పారు.
పాత నీళ్ళ సీసా మీద ఇంటూ గీసి పారబోశాను.
కొత్తదాని మూత తీశాను.
అగరోజు ఒక పొంగు, రెండు పొంగులు,
అద్దంలా తేటపడేదాకా.

రేకుల మీద మొదటి చినుకులు.
వానా, కాస్త ఆగు.
నలభై నిమిషాలు.